బ్రేకుల బావ పాదాల తూకం

బ్రేకుల బావకి మనుషుల ముఖాలు గుర్తుండవు. పేర్లు అంతకన్నా గుర్తుండవు. ఎవరి కాలు ఎన్ని కిలోల బలంతో బ్రేకు తొక్కుతుందో అదొక్కటే గుర్తుంటుంది. అది మాత్రం చచ్చినా మర్చిపోడు.

బజార్లో ఎవరో పెద్దాయన ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని, "బావగారూ, గుర్తుపట్టారా?" అంటాడు. బావ తెల్లమొహం వేస్తాడు. "నేనండీ, పోస్టాఫీసు." ఊహూ. "మీ దగ్గర రెండుసార్లు బ్రేకులు వేయించుకున్నాను." ఊహూ. ఇక లాభం లేదని ఆయన విసురుగా వెనక్కి తిరిగి నాలుగడుగులు వేస్తాడు. ఆ నడక చూడగానే బావ మొహం వెలిగిపోతుంది. "అయ్యో, ఇరవై ఏడు కిలోలు. మీరా. ముందే చెప్పొద్దూ" అని బజారంతా వినపడేలా అరిచి, వెంటపడి కావలించుకుంటాడు.

బావ భార్య పెళ్ళిచూపుల సంగతి తల్చుకుని ఇప్పటికీ నెత్తి కొట్టుకుంటుంది. "వచ్చి గంటసేపు తల ఎత్తలేదు. నా పాదాలకేసే చూస్తూ కూర్చున్నాడు. ఎంత సిగ్గరి పిల్లాడో అని మా అమ్మ మురిసిపోయింది. పెళ్ళయిన మూడో రోజు నోరు విప్పాడు. నీది ముప్పై ఒకటి ఉంటుంది అని. అదీ మొదటి మాట."

ఆయన షెడ్డులోకి అడుగుపెడితే ముందు కనపడేది ఒక పాత కారు సీటు. దాని ముందు గోడకి ఏటవాలుగా ఒక బల్ల, ఆ బల్లకి బిగించిన ఒంటి బరువు చూసుకునే మిషను. బ్రేకుల కోసం ఎవరొచ్చినా ఆ సీట్లో కూర్చుని, ఎదురుగా లారీ అడ్డమొచ్చిందనుకుని మిషనుని తొక్కాలి. అంకె కనపడే అద్దం కిందివైపు ఉంటుంది కాబట్టి తొక్కినవాళ్ళకి కనపడదు. బావే కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, టార్చి వేసి చూస్తాడు. లేచి మోకాళ్ళు దులుపుకుని, పరీక్షా ఫలితాలు చదివినంత గంభీరంగా కిలోలు చెప్తాడు. ఆ తర్వాత నల్లట్ట పుస్తకంలో ఏదో రాసుకుంటాడు.

"బండి బయట ఉందండీ, ముందు దాన్ని చూడండి" అని ఎవరన్నా అన్నారో, అయిపోయారు.

"బండి బ్రేకు తొక్కుతుందా? మీరేగా తొక్కేది. కాలు చూడకుండా పిస్టన్ సైజు ఎలా చెప్పనూ?"

పిస్టన్ అంటే అదేదో బ్రహ్మ పదార్థం కాదు. కారు చక్రంతో పాటు ఒక ఇనప పళ్ళెం తిరుగుతుంటుంది, దాన్ని డిస్క్ అంటారు. దాన్ని రెండువైపులా పట్టుకుని నొక్కి ఆపే పిడికిలి క్యాలిపర్. ఆ పిడికిలి లోపల ఉండే గుండ్రటి దిమ్మ పిస్టన్. మనం పెడల్ తొక్కితే గొట్టాల్లో ఉన్న బ్రేకు ఆయిలు వెళ్ళి ఆ దిమ్మని నెడుతుంది, దిమ్మ ప్యాడ్ అనే గరుకు పలకని డిస్క్‌కి నొక్కుతుంది, బండి ఆగుతుంది. అంతే. ఆ దిమ్మ ఎంత వెడల్పుండాలో తేల్చుకోవడానికి బావ మూడేసి రోజులు తిండి సయించకుండా తిరుగుతాడు.

ఈ బావకి ఒక తోడల్లుడున్నాడు, భార్య చెల్లెల్ని చేసుకున్నవాడు. టైలర్. ఇంటి కిందే షాపు. అతనికి ఈ మధ్య ఒక చిక్కొచ్చి పడింది.

టైలర్ భార్య రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. కొండ మీద ఆసుపత్రిలో మంచి ఉద్యోగం వచ్చింది. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం చేరాలి. పొద్దున్న ఏడింటికల్లా అక్కడుండాలి, మధ్యాహ్నం చుట్టుపక్కల రెండు క్లినిక్కులు తిరిగి శాంపిళ్ళు తేవాలి. బండీ సొంతదై ఉండాలి, నడిపేదీ తనే అయ్యుండాలి. ఇంట్లో కారుంది. లైసెన్సుంది. ఆవిడ మాత్రం తాళం ముట్టుకోనంటోంది.

ఎందుకంటే నెల కిందట వాలు రోడ్డు మీద ఆవిడ బ్రేకు తొక్కితే, కారు ఆగుదామా వద్దా అని ఆలోచించుకుంటూ మెల్లగా వెళ్ళి క్షౌరశాల గోడకి ముద్దు పెట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు. లోపల సగం గడ్డం గీయించుకున్న మనిషి నురుగుతో బయటికొచ్చి, "మీకేం కాలేదు కదమ్మా" అని అడిగి మళ్ళీ లోపలికెళ్ళాడు. ఆవిడ మాత్రం అక్కడే నిలబడి తన కుడికాలికేసి చూసుకుంది. ఇంటికొచ్చి తాళం బటన్ల డబ్బాలో పడేసి, "నా కాల్లో పస లేదు. నాలాంటిది బండి నడపకూడదు. ఆ ఉద్యోగం వద్దని రాసేస్తాను" అంది.

"కాలు కాదే, బ్రేకులు" అని టైలర్ ఎంత మొత్తుకున్నా వినలేదు. పక్క షాపులో ఫోన్లు బాగుచేసే అతను సలహా ఇచ్చాడు. ఆరు పిస్టన్ల క్యాలిపర్లు వేయించమని, ఎర్ర రంగువి, చక్రంలోంచి కనపడతాయి, చూస్తేనే ధైర్యం వస్తుందని. అది విని బావ దగ్గరికి బయల్దేరబోతుంటే భార్య చెయ్యి పట్టుకుని ఒట్టేయించుకుంది.

"గోడ సంగతి బావకి చెప్పకండి. చెప్పారో, నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టి, బోర్లా పడుకుని, నా కాలు ఎంతో ఊరంతా చాటిస్తాడు. నేను తల ఎత్తుకోలేను."

శుక్రవారం టైలర్ షెడ్డుకెళ్ళాడు.

"అన్నయ్యా, కారుకి బ్రేకులు మార్చాలి. ఆరు పిస్టన్లవి. ఎర్రవి."

బావ అతని మొహం చూడలేదు. "ఎవరు నడుపుతారు?"

"నేనే."

"నువ్వేనా?"

"నేనే అంటున్నాగా."

"కూర్చో."

టైలర్ కూర్చున్నాడు. సీటు అంచులు రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని తొక్కాడు. మెడ నరాలు ఉబ్బాయి. చొక్కా గుండీ ఒకటి ఊడి టూల్ బాక్సులో పడింది. స్వయంగా కుట్టుకున్నదే.

బావ టార్చి ఆర్పి లేచాడు. "నలభై ఆరు."

"ఎంతా?"

"నలభై ఆరు తమ్ముడూ. ఈ షెడ్డులో ఇలాంటి కాలు నేను చూళ్ళేదు. నీకు బ్రేకులు మార్చక్కర్లేదు. ఉన్నవే ఎక్కువ. వెళ్ళిరా."

టైలర్ రెండంగుళాలు ఎత్తు పెరిగినట్టు బయటికి నడిచాడు. గేటు దాటాక గానీ వచ్చిన పని కాలేదని తెలీలేదు. వెనక్కొచ్చాడు. "అయినా సరే, పెద్ద పిస్టన్లే కావాలన్నయ్యా."

"ఎందుకూ?"

"ఊరికే. ఉంటే మంచిదని."

బావ నల్లట్ట పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. "ఉత్తినే పెద్దవి వెయ్యను. వెళ్ళు."

మూడు రోజులపాటు ఆ వీధిలో నలభై ఆరు తప్ప ఇంకో అంకె వినపడలేదు. టైలర్ ఎవరి నడుముకి టేపు చుట్టినా, "ముప్పై ఆరు. మీ నడుము అండీ. నా పాదమైతే నలభై ఆరు. బావ కొలిచాడు" అనేవాడు. ఫోన్ల షాపతను దండం పెట్టి షట్టరు సగం దించేసుకున్నాడు.

"మరి బ్రేకులేవి?" అంది భార్య.

"నా కాలికి అక్కర్లేదంట."

"అయితే సోమవారం మీ కాలు ఇచ్చి పంపండి. నేను వెళ్ళొచ్చాక తిరిగిస్తాను."

మంగళవారం టైలర్ మళ్ళీ షెడ్డుకెళ్ళాడు. ఈసారి గుమ్మంలోంచే కుంటుకుంటూ వచ్చాడు. "అన్నయ్యా, మొన్నేదో ఆవేశంలో తొక్కాను. నా అసలు బలం వేరు." సీట్లో కూర్చుని, నిద్రపోతున్న పసిపిల్లని తడిమినట్టు మిషను మీద కాలు ఆనించాడు.

"పన్నెండు" అన్నాడు బావ కిందనుంచి.

"చూశావా మరి."

బావ లేవలేదు. పడుకునే అడిగాడు. "శుక్రవారం నుంచి ముప్పై నాలుగు కిలోలు ఎక్కడ పారేసుకున్నావు తమ్ముడూ?"

టైలర్ ఏదో అనబోయి, ఒట్టు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

"సరే. రేపు సాయంత్రం మీ ఇంటికొస్తా. చొక్కాకి కొలతలివ్వాలి."

బావ కొత్త చొక్కా కుట్టించి పదేళ్ళయింది. అందుకే బుధవారం సాయంత్రం ఆయన ఒక్కడే రాలేదు. ఈ వింత చూద్దామని ఆయన భార్య వచ్చింది. ఆవిడతో పాటు వాళ్ళమ్మ, అంటే అల్లుళ్ళిద్దరికీ అత్తగారు, ఆవిడా వచ్చింది. బావ చంకలో పాత దుప్పటిలో చుట్టిన మూట ఉంది. మూట ఆకారం చూడగానే టైలర్ భార్య మొగుడి వైపు కొరకొరా చూసింది.

"చెప్పేశారు కదూ."

"ఒట్టు. నోరు విప్పలేదు."

బావ అవేమీ విననట్టు కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. "తమ్ముడూ, ఆ ఆరు పిస్టన్ల సంగతి తేలుద్దాం. ఓవర్‌కోటు బటన్లు ఆరు తీసుకురా."

తెచ్చాడు. బావ మూడు ఇటు, మూడు అటు పెట్టాడు. "ఇవీ నీ ఎర్ర క్యాలిపర్ పిస్టన్లు. ఒక్కోటి ముప్పై మిల్లీమీటర్లు. వీళ్ళు మూడూ మూడూ ఎదురెదురుగా నిలబడి, మధ్యలో డిస్క్‌ని నెడతారు. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. లెక్కలోకొచ్చే బలం ఒక వైపు ముగ్గురిదే. అటువాళ్ళు ఉత్తినే కదలకుండా ఆనుకున్న గోడ." అటు మూడు బటన్లు తీసేసి, నూనె సీసా మూత తీసుకొచ్చి పక్కన పెట్టాడు. "ఇది యాభై ఏడు. ఒక్కటే దిమ్మ, అటువైపు క్యాలిపరే గోడ. ఇప్పుడు చెప్పు, ఆ మూడు బటన్ల చోటు ఎక్కువా, ఈ మూత చోటు ఎక్కువా?"

టైలర్ బటన్లని మూత మీద పేర్చి, అంచు దాటిన ముక్కల్ని మనసులోనే కత్తిరించి ఖాళీల్లో సర్ది చూశాడు. గుడ్డ కత్తిరించేవాడి కన్ను. ఒప్పుకోక తప్పలేదు. "మూతే ఎక్కువ."

"ఆరు అనగానే అందరూ ఆరుగురు పహిల్వాన్లు అనుకుంటారు."

"అయితే యాభై ఏడెందుకు, డెబ్భై పెట్టు" అన్నాడు టైలర్.

"మరదలా," అన్నాడు బావ, "ల్యాబులో వాడని సిరంజిలు తెచ్చుకుంటావుగా. ఒక చిన్నదీ ఒక పెద్దదీ ఇవ్వు. సూదులొద్దు. మధ్యలో గొట్టం ముక్క."

రెంటినీ గొట్టంతో కలిపి నీళ్ళు నింపాడు. చిన్న సిరంజి అత్తగారి చేతికిచ్చాడు. పెద్దదాని పిడి మీద తనూ తోడల్లుడూ బొటనవేళ్ళు ఆనించారు. "అత్తయ్యా, మమ్మల్ని నెట్టండి."

"అల్లుళ్ళని నెట్టడమేంటి నాయనా, బాగుండదు" అంటూనే ఆవిడ ఒక్క వేలితో నొక్కింది. ఇద్దరు మొగాళ్ళూ ఊపిరి బిగబట్టారు. పెద్ద సిరంజి పిడి వాళ్ళని పట్టించుకోకుండా హాయిగా పైకొచ్చింది. టైలర్ రెండో చెయ్యి కూడా వేశాడు. అయినా వచ్చింది. అత్తగారికి ఉత్సాహం పుట్టుకొచ్చింది. "ఇంకా నెట్టనా?"

"నెట్టండి."

"లేదు నాయనా, నాది అయిపోయింది." చిన్న సిరంజి ఖాళీ. పెద్దది ఇంకా పావు కూడా కదల్లేదు.

"అదీ సంగతి," అన్నాడు బావ. "పిస్టన్ పెద్దదైతే బలం పెరుగుతుంది, కానీ దాన్ని కదపడానికి ఆయిలు ఎక్కువ కావాలి, పెడల్ ఎక్కువ దూరం తొక్కాలి. డెబ్భై పెడితే పెడల్ నేలకి తగిలినా బండి ఆగదు. కాలికి తగ్గ బలం ఇవ్వాలి, పెడల్‌కి తగ్గ దూరం ఇవ్వాలి. ఆ రెండింటి మధ్యా ఒకే ఒక్క సైజుంటుంది. అది తెలియాలంటే కాలు తెలియాలి."

టైలర్ భార్య నవ్వుతోంది. నెల తర్వాత మొదటిసారి. ఇద్దరల్లుళ్ళని వేలితో నెట్టిన వాళ్ళమ్మ ఇంకా సిరంజి వదల్లేదు.

ఆ నవ్వు చల్లారకముందే బావ మూట విప్పి, బరువు మిషను తీసి గోడకి ఆనించాడు. "అందరం తొక్కుదాం, సరదాకి." బావ భార్య తొక్కింది. ముప్పై ఒకటి, ఎప్పుడూ ఉన్నదే. అత్తగారు తొక్కింది. "ఇరవై" అన్నాడు బావ.

"నాకొద్దు బావా" అంది టైలర్ భార్య.

"డెబ్భై ఏళ్ళదాన్ని, నేనే తొక్కాను. నీకేం?" అంది వాళ్ళమ్మ.

ఆవిడ స్టూలు మీద కూర్చుని కాలు పెట్టింది. తొక్కింది. బావ చెంప నేలకి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. నిద్రపోయాడేమో అనుకున్నారు.

"ముప్పై మూడు."

"ఎంత?"

"ముప్పై మూడు. మీ అక్కకన్నా రెండు ఎక్కువ."

"మళ్ళీ చూడు" అంది బావ భార్య.

"టార్చి వేసి చూశాను."

టైలర్ భార్య తన కాలు వేరేవాళ్ళదేమో అన్నట్టు చూసుకుంది. "మరి గోడ..." అని నాలిక్కరుచుకుంది.

"ఏ గోడ?"

"ఏ గోడా లేదు."

"ఏ గోడైనా సరే, తప్పు కాలిది కాదు. మీ కారుకున్న నలభై ఎనిమిది మిల్లీమీటర్ల పిస్టన్ది. అరిగిపోయిన ప్యాడ్లది. తాళం ఎక్కడ?"

ఆవిడే లేచి వెళ్ళి బటన్ల డబ్బాలో చెయ్యి పెట్టింది.

ఆ తర్వాత మూడు రోజులూ వార్తలు ఫోన్లో వచ్చాయి. "అన్నంలో వేలితో సున్నాలు గీస్తున్నాడు" అని బావ భార్య గురువారం చెప్పింది. "యాభై నాలుగు అంటాడు, అరవై అంటాడు, మళ్ళీ లేదంటాడు." శుక్రవారం, "ముందు చక్రాలకి యాభై ఏడే ఖాయం చేశాడు. ఇప్పుడు వెనక చక్రాల బెంగ పట్టుకుంది. ముందు చక్రాలవి పెంచి వెనక వదిలేస్తే ముందువి బిగుసుకుపోతాయంట, వెనకవి చోద్యం చూస్తాయంట." శనివారం, "వెనక ముప్పై రెండు తీసి ముప్పై ఎనిమిది వేశాడు. ముందువీ బిగించేశాడు. అన్నం తిన్నాడు."

ఆదివారం పొద్దున్నే కూరగాయల మార్కెట్టు వెనక ఖాళీ మైదానానికి వెళ్ళారు. టైలర్ భార్య డ్రైవింగు సీట్లో, పక్కన బావ. వెనక సీట్లో బావ భార్యా టైలరూ.

"ఎదురుగా గోడ ఉందనుకో" అన్నాడు బావ.

"ఏ గోడ?" అంది ఆవిడ అనుమానంగా.

"ఏదో ఒక గోడ. తొక్కు."

తొక్కింది. కారు చెప్పిన మాట విన్న పిల్లలా నిలబడిపోయింది. ఆవిడ గేరు మార్చింది. మళ్ళీ నడిపింది, మళ్ళీ తొక్కింది. పదకొండుసార్లు. పన్నెండోసారి నవ్వుతూ తొక్కింది.

"ఇక చాలు, నేను చూస్తాను" అని టైలర్ సీటు మారాడు. "నలభై ఆరు వస్తోంది, గట్టిగా పట్టుకోండి" అని తనకలవాటైన పద్ధతిలో పళ్ళు బిగించి తొక్కాడు. కారు ఉన్నచోటే పాతేసినట్టు ఆగింది. బెల్టులు అందరినీ గుంజి వెనక్కి కొట్టాయి. బావ భార్య తలపిన్ను ముందు అద్దానికి తగిలింది. బావ కళ్ళజోడు నుదుటి మీంచి ఎగిరి సీటు కిందికి పోయింది.

"మెల్లిగా అండీ," అంది టైలర్ భార్య వెనకనుంచి. "ఇది నా కాలికి కొలిచి కుట్టిన బండి."

ఆడవాళ్ళిద్దరూ దిగి కొబ్బరినీళ్ళ బండి వైపు వెళ్ళారు. బావ కళ్ళు లేకుండా గాల్లో తడుముకుంటుంటే, టైలర్ వంగి సీటు కింద చెయ్యి పెట్టాడు. కళ్ళజోడుతో పాటు, బావ జేబులోంచి జారిపడ్డ నల్లట్ట పుస్తకం కూడా చేతికొచ్చింది. తెరుచుకునే ఉంది.

ప్రతి పేజీలో రెండు వరసలున్నాయి. ఒకదాని పైన 'చెప్పింది', రెండోదాని పైన 'ఉన్నది'.

పోస్టాఫీసు: చెప్పింది ఇరవై ఏడు, ఉన్నది పదిహేను. రిటైరైన బస్సు డ్రైవరు: చెప్పింది నలభై, ఉన్నది పద్దెనిమిది, పక్కన చిన్నక్షరాలతో 'సంతోషపడ్డాడు. పిస్టన్ మూడు మిల్లీమీటర్లు పెంచాను'. భార్య: చెప్పింది ముప్పై ఒకటి, ఉన్నది ముప్పై ఒకటి, 'ఈవిడ దగ్గర కుదరదు'. అత్తయ్య: చెప్పింది ఇరవై, ఉన్నది ముప్పై నాలుగు, 'అల్లుళ్ళం బతకాలి'. మరదలు: చెప్పింది ముప్పై మూడు, ఉన్నది పద్నాలుగు. దాని కింద మూడు రోజుల లెక్కలు, కొట్టివేతలు, చివర యాభై ఏడు చుట్టూ గట్టిగా గీసిన సున్నా.

టైలర్ వేలు వీటికి పైన, శుక్రవారం లైను మీద ఆగింది. తమ్ముడు: చెప్పింది నలభై ఆరు, ఉన్నది ఇరవై తొమ్మిది. 'నలభై ఆరన్నా ఇంకా పెద్దవే కావాలంటున్నాడు. బ్రేకు ఇతని కాలికి కాదు. ఇంటికెళ్ళి చూడాలి.'

మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా నిద్రపోని మనిషి, ఇన్నేళ్ళుగా ఊళ్ళో సగం మందికి తప్పు కిలోలు చెప్తున్నాడు. చెప్పి, నిజం కిలోలకి పిస్టన్లు వేస్తున్నాడు. ఇంటికెళ్ళి బ్రేకు తొక్కినవాళ్ళకి బండి టక్కున ఆగేది, బావ చెప్పింది నిజమే అనుకునేవాళ్ళు. పైగా ఆ అంకెనే బజార్లో నలుగురిలో అరిచేవాడు.

టైలర్‌కి ఈ కిటుకు ఎవరూ నేర్పక్కర్లేదు. నలభై రెండు నడుముకి టేపు చుట్టి, "ముప్పై ఎనిమిది" అని పైకి చెప్పి, నలభై రెండుకే గుడ్డ కత్తిరించడం అతనికి రోజూ ఉండే పనే. పుస్తకం మూసి, కళ్ళజోడుతో కలిపి బావ చేతిలో పెట్టాడు.

బావ జోడు తగిలించుకున్నాడు. "చదివావా?"

"కళ్ళజోడు నీది అన్నయ్యా. నాకెలా కనపడుతుంది?"

సోమవారం ఆరుంపావుకి భార్య ఒక్కతే కారెక్కి వెళ్ళింది. టైలర్ షాపు తెరిచి ఒక కోటుకి రెండు చేతులూ ఎడమవైపే కుట్టాడు. ఏడుకి ఐదు నిమిషాలుండగా ఫోనొచ్చింది. "చేరాను" అంది ఆవిడ, అంతే. అతను కూర్చుని ఒక చెయ్యి విప్పాడు.

సాయంత్రం ఆవిడ వచ్చి, షాపులో కటింగు బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ రోజంతా చెప్పుకొచ్చింది. మలుపులు, దిగుడు, అడ్డమొచ్చిన ట్రాక్టరు. "ల్యాబులో అందరికీ చెప్పాను, నాది ముప్పై మూడని. నమ్మరే. ఆదివారం నలుగుర్ని బావ దగ్గరికి తీసుకెళ్తున్నాను. మీ నలభై ఆరు కూడా చెప్పాను."

టైలర్ కత్తెర ఆపాడు. "నాది నలభై ఆరు కాదు. ఇరవై తొమ్మిది."

"అదేంటి, ఊరంతా చాటారుగా?"

"ఆ రోజు టార్చిలో బ్యాటరీ అయిపోయిందంట. సరిగ్గా కనపడలేదంట. నిన్న చెప్పాడు."

"మరి నాకు చూసినప్పుడు?"

"అప్పటికి కొత్త బ్యాటరీ వేశాడు."

ఆవిడ వేళ్ళ మీద లెక్క చూసుకుంది. మొగుడి వైపు జాలిగా చూసింది. "అంటే ఈ ఇంట్లో నాదే ఎక్కువ."

"నీదే."

"పోనీలెండి, బాధపడకండి. రేపట్నుంచి మీరు నా పక్కన కూర్చోండి. షాపు దగ్గర దింపేసి వెళ్తాను."

"షాపు ఇంటి కిందేగా."

"ఒక రౌండు తిప్పి దింపుతాను."

మర్నాడు ఆరింటికల్లా టైలర్ తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పక్క సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు.